వేటకత్తి వచ్చిన రోజు

మొన్న ఒక మ్యూజియంలో పిస్తోలు గొట్టం బిగించిన పాత వేటకత్తిని చూడగానే, ష్వైన్‌ఫర్ట్‌లో మా పక్క బాల్కనీ తాత గుర్తొచ్చాడు.

అది లాక్‌డౌన్ కాలం. మేం జర్మనీ వచ్చి కొద్ది నెలలే అయింది. నాకు భాష అరకొరగానే వచ్చు. ఒంటరిగా ఉండే ఆ తాత ఒక ఉదయం టై కట్టుకుని బాల్కనీలోకొచ్చి, "జీ కొమ్ట్ హొయ్‌టె!" అని అరిచాడు. ఆమె ఇవాళ వస్తోందట! ఏళ్ల తరబడి వెతికాడట! నేను గంతులేస్తూ లోపలికి పరిగెత్తాను.

"అమ్మా, తాతకు భార్య దొరికిందట!"

"నిజమా? అయితే పులిహోర చేస్త. పాపం, వచ్చినామెకు ఆయనేం పెడ్తడు?" అంది అమ్మ.

మధ్యాహ్నం పోస్టు బండిలోంచి ఒక పొడవాటి పెట్టె దిగింది. తాత బాల్కనీలోనే దాన్ని విప్పి, కత్తీ పిస్తోలూ ఒకటైన ఆయుధాన్ని పసిపాపలా ఎత్తి మాకు చూపించాడు. అలాంటి అరుదైనవి పోగెయ్యడం ఆయన పిచ్చి. జర్మన్ భాషలో పిస్తోలు ఆడదని, తాత "ఆమె" అన్నది దీన్నేనని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ పడీపడీ నవ్వి, పులిహోర గిన్నెను బాల్కనీ మీదుగా అందించింది. నేను చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టాను.

ఆ ఏడాది మొత్తంలో ఆయన ఇంటికి వచ్చిన చుట్టం అదొక్కటేనని పెద్దయ్యాక గానీ నాకు తోచలేదు.