పైచూపు ఎక్కిన విమానం

ఆ వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ పైచూపు అనేవారు. ఎవరి తలమీద కత్తెర ఆడుతున్నా సరే, విమానం మోత వినబడితే చాలు, పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాడు. సగం క్రాఫు అయిన మనిషి మెడకు గుడ్డ కట్టుకుని అద్దంలో తన అవతారం చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

"ఆ తెల్ల చార చూశావా? పొగ అనుకునేవు. మందు! జనం జుట్టు ఊడిపోవాలని పైనుంచి చల్లుతున్నారు."

"మన జుట్టు ఊడితే వాళ్లకేం లాభం?" అని ఎవరో ఒకసారి అడిగారు.

"లాభం లేకుండానే చల్లుతారా?"

ఈ తర్కానికి షాపంతా తలూపింది. ఊగిన తలల్లో సగానికి పైగా బట్టతలలే. నింద తండ్రితాతల మీద నుంచి ఆకాశం మీదికి పోవడం అందరికీ హాయిగానే ఉంది.

ఆయన బావమరిది విమానాల మరమ్మతు పనిలో ఉండేవాడు. అది మందు కాదని చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది గానీ బావ చెవికెక్కలేదు. ఇంతలో దూరాన ఉన్న పైచూపు అన్నకు గుండె ఆపరేషన్ అని కబురొచ్చింది. రైల్లో పోతే అందుకోలేడు. బావమరిదే టికెట్లు తీసి, వెంటబెట్టుకుని విమానం ఎక్కించాడు.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్న పైచూపుకు దూరంగా మరో విమానం కనిపించింది. దాని వెనక చార. కానీ ఇంజన్‌కూ చారకూ మధ్య కాస్త ఖాళీ.

"ఒరేయ్, ఇది ఇంజన్లోంచి రావట్లేదురా! వెనక గాల్లో పుడుతోంది!"

"నేను మొత్తుకునేది అదే బావా. ఇంధనం మండితే వేడి ఆవిరి, కాస్త మసి వస్తాయి. బయటి గాలి డీప్ ఫ్రిజ్ కంటే చల్లన. ఆవిరి ఆ మసిని పట్టుకుని చిటికెలో మంచు పలుకులైపోతుంది. ఆ చిటికెడు సేపే నీకు కనబడే ఖాళీ."

"మరి ఒక్కోరోజు వెంటనే మాయమవుతుంది, ఒక్కోరోజు దూదిలా పరుచుకుంటుంది. ఎందుకట?"

"అక్కడి గాలి పొడిగా ఉంటే మంచు మళ్లీ ఆవిరైపోతుంది. తేమ ఉంటే నిలిచి పాకుతుంది."

పైచూపుకు సిగ్గేసింది. కానీ ఆ చార మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు.

అన్న గండం గట్టెక్కాడు. పైచూపు తిరిగొచ్చి షాపు తీస్తే, ఒక్కడూ కుర్చీ ఎక్కలేదు. సంగతేమిటంటే, ఆయన వెళ్లిన రోజు భార్య మేడెక్కి, పైన పోతున్న ఏదో విమానాన్ని చూపించి, "అదిగో, మా ఆయన అందులోనే!" అని వీధంతా చాటింది. దాని వెనక బారెడు చార.

"మామీదే చల్లావు కదయ్యా!" అన్నాడు ఎదురింటి టైలర్, టోపీ కిందికి లాక్కుంటూ.

"అది మంచు బాబూ! వేడి ఆవిరికి చల్లగాలి తగిలి..."

"విన్నారా? ఆ చల్లేవాళ్లు పాఠం చెప్పి మరీ పంపించారు."

కొన్నాళ్లు పాపం నిజమే చెప్పాడు. చెప్పినకొద్దీ ఈగలు తోలుకోవడమే మిగిలింది. రోడ్డవతలి కొత్త సెలూన్‌లో నిలబడ్డానికి చోటు లేదు. చివరికొక ఉదయం వీధికంతా వినబడేలా అన్నాడు: "నేనెక్కిన దాంట్లో మందు లేదు. పక్కన పోయేదాంట్లో ఉంది. డ్రమ్ములు కళ్లారా చూశాను!"

మధ్యాహ్నానికి బెంచీ నిండింది. అందరికంటే ముందు టైలర్ కుర్చీ ఎక్కి టోపీ తీశాడు.

"డ్రమ్ములు ఎంతెంత ఉన్నాయి?"

పైచూపు దువ్వెన నోట కరుచుకుని, రెండు చేతులూ బార్లా చాచి చూపించాడు. లోపలి గదిలోంచి భార్య ఫక్కున నవ్వింది. ఆయన అటు చూడకుండా కత్తెర అందుకున్నాడు.