చిన్న లక్ష్మి హాల్‌టికెట్

ఈ రోజు మధ్యాహ్నం, ఇక్కడి యూనివర్సిటీ కేంద్రంలో నా కంప్యూటర్ గదికి దాజీ పేట్ నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. రేపే బీఏ పరీక్ష. కూతురు లక్ష్మికి హాల్‌టికెట్ రాలేదు. ఈ ఏడే మొదటిసారి వాటిని కంప్యూటర్‌తో తీశాం. జాబితా చూసి, "మీ ఇంటికి పంపించాం కదా" అన్నాను.

"గా వచ్చిన టికెట్ మా బావ బిడ్డది, సాహెబ్. మా అత్త పేరే ఇద్దరు పోరిలకు పెట్టినం. అందరం ఒక్క ఇంట్లనే ఉంటం. పెద్ద లక్ష్మి, చిన్న లక్ష్మి అని పిలుస్తం. మీ మిషన్‌కు గీ సంగతి ఎవ్వలు చెప్పలేదా?" అంది తల్లి.

చెప్పాల్సింది నేనే. కొందరు ఫారం రెండుసార్లు నింపుతారని, పేరూ ఇంటిపేరూ ఇంటి నంబరూ కలిస్తే ఒకటి తీసేసేలా నియమం పెట్టిందీ నేనే. మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. తీసేసినవాళ్ల జాబితాను ఫ్లాపీలో దాచాలని మాత్రం నాకు తోచలేదు.

చిన్న లక్ష్మికి చేత్తో రాసిచ్చి పంపాను. అప్పటినుంచి ఫారాల కట్టలు విప్పి చూస్తున్నాం. సాయంత్రానికి ఇంకో నలుగురు దొరికారు. కట్టలు సగం కూడా కాలేదు.

మీ ఇంట్లో తాత పేరో నానమ్మ పేరో ఇద్దరికి పెట్టుకుని, ఒక్కరికే హాల్‌టికెట్ వచ్చిందా? రెండోవాళ్లను పొద్దున్నే పంపండి. రాజయ్య కావాలని అడగమనండి. మా ఇంట్లో నేను చిన్న రాజయ్యను. పెద్ద రాజయ్య మా పెదనాన్న కొడుకు.