పద్నాలుగో నంబరుకి వచ్చిన కాటా

నీటి పరీక్షల ల్యాబులో ఆమెని అందరూ చుక్కలమ్మ అంటారు. గాజు గొట్టంలోంచి మందు ఒక్కో చుక్కా వదులుతూ, సీసాలోని నీళ్లు రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపడంలో ఆమెని మించినవాళ్లు అక్కడ లేరు. పక్క టేబులావిడ రెండు చుక్కలు ఎక్కువ పోసేసి "ఏమవుతుందిలే" అంటే ఆ పూటంతా మొహం ముడుచుకునేది. పేరు రాయని సీసా వస్తే మూత కూడా తియ్యదు. అలాంటి వాటికోసం కిటికీ పక్కన ఒక అర ఉంది. ఎవరివో తేలేదాకా అవి అందులోనే ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టిందీ ఆమే.

బిడ్డ పుట్టి సెలవులో ఉన్నాక ఆ జాగ్రత్తంతా బాబు మీదికి మళ్లింది. వాడికి అయిదో నెల. ఎన్ని నిమిషాలు పాలు తాగాడు, ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్నిసార్లు తడిపాడు, అన్నీ ఒక గళ్ల నోటుబుక్కులోకి ఎక్కేవి. ఆమె భర్త లిఫ్టు మెకానిక్. "వాడు బిడ్డే, ప్రయోగం కాదు" అని నవ్వేవాడు. ఆమెకి నవ్వొచ్చేది కాదు. బాబు ఒక పూట పాలు సగంలో వదిలేస్తే ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఒక వానరోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. రెయిన్‌కోటులో ఒక నడివయసు మనిషి, చేతిలో పెద్ద అట్టపెట్టె.

"పద్నాలుగో నంబరేగా? సంతకం పెట్టండమ్మా, తడిసిపోతోంది."

ఆమె ఏమీ తెప్పించుకోలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పెట్టె మీద బొమ్మ కనపడింది. పళ్లెంలాంటి మెషిన్, అందులో పడుకుని కాళ్లాడిస్తున్న పసిపాప. అయిదు గ్రాముల తేడా కూడా చూపిస్తుందని కింద రాసి ఉంది. అంటించిన చీటీ మీద పేరు వానకి అలుక్కుపోయింది గానీ ఇంటి నంబరు నిక్షేపంగా ఉంది. అలుక్కుపోయినదాని చివర "రోగ్య కేంద్రం" అన్న అక్షరాలు మాత్రం మిగిలాయి. సంతకం పెడుతున్నంతసేపూ ఆమె బొటనవేలు సరిగ్గా వాటిమీదే ఉంది.

సాయంత్రం భర్త వచ్చి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మనం అడిగామా? లేదు. వాళ్లే పంపారు. కావాలంటే వాళ్లే వస్తారు. ఎదురెళ్లి నెత్తికెత్తుకోకు."

"పెట్టె మీద కొట్టు నంబరుంది. ఒకసారి ఫోన్ చేస్తే?"

"చెయ్యి. నేనొద్దన్నానా?"

చేసింది. నాలుగు సార్లు మోగింది, ఎవరూ ఎత్తలేదు, పెట్టేసింది. ఇంకోసారి చెయ్యలేదు. అడగని వస్తువులు ఇంటికొస్తే ఏం చెయ్యాలో ఫోన్‌లో వెతికింది. ఎవరో నాలుగు ముక్కలు రాశారు. మీ పేరున వచ్చినదైతే ఉంచుకోవచ్చు, వేరేవాళ్ల పేరున వచ్చినదైతే విప్పకుండా కొట్టుకి కబురు చెయ్యండి అని ఉంది. ఆమె మొదటి ముక్క రెండుసార్లు చదివి ఫోన్ బోర్లించింది. పేరు కనపడనప్పుడు ఎవరిదని చెప్తాం అనుకుంది. బాబుని చూడ్డానికి ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఎలాగూ పదిహేను రోజులకోసారి వస్తుంది కదా, అప్పుడు అడుగుదాంలే అని కూడా అనుకుంది. ఆ మాట తోచాక మనసు తేలికపడి, కత్తెర తెచ్చి పెట్టె విప్పింది.

ముందు లీటరు నీళ్లు కొలిచి, గిన్నెతో సహా పెట్టి, గిన్నె బరువు తీసేసి, మెషిన్ నిజం చెప్తోందో లేదో చూసింది. నిజమే చెప్తోంది. ఇక బాబుని పాలకి ముందూ పాలకి తర్వాతా తూచడమే పని. అంకెలు రాసింది, చుక్కలు పెట్టింది, చుక్కలన్నీ కలిపి గీత గీసింది. గీత పైకే పోతోంది. నెలల తరవాత ఆమె కడుపునిండా అన్నం తింది.

పదకొండో రోజు నర్సమ్మ వచ్చింది. నర్సమ్మంటే ఆ వీధులన్నిటికీ తెలిసిన మనిషి. ఇరవై రెండేళ్లుగా పసిపిల్లలున్న ఇళ్లన్నీ సంచి భుజాన వేసుకుని తిరుగుతోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే చుక్కలమ్మ మెషిన్‌ని మంచం కిందికి తోసి దుప్పటి అంచు లాగింది. నర్సమ్మని అడుగుదామనుకున్న మాట కూడా దాంతోపాటే మంచం కిందికి పోయింది.

నర్సమ్మ కిటికీ కమ్మీకి తన స్ప్రింగు కాటా తగిలించి, బాబుని గుడ్డ ఊయలలో వేసి వేలాడదీసింది.

"ఏడు కిలోలు అంటోంది. అంటే ఆరూ తొమ్మిదొందలైనా కావచ్చు, ఏడూ వందైనా కావచ్చు. దీనికి నా వయసుందమ్మాయ్. సూది లేవాలంటే నా మోకాళ్లకన్నా ఎక్కువ బాధపడుతుంది."

చుక్కలమ్మ దుప్పటి అంచు ఇంకాస్త కిందికి లాగింది.

"కొత్తది తెప్పించారు," నర్సమ్మ బాబుకి చొక్కా తొడుగుతూ చెప్పుకుపోయింది. "కొట్టువాళ్లు ఇచ్చేశామంటారు, సంతకం కూడా ఉందంటారు. కేంద్రానికి రాలేదు. మొన్న డాక్టరుగారు నన్ను పిలిచి, 'ఎవరికైనా ఇచ్చుకున్నావా?' అని అడిగారు. వరసలో కూర్చున్న తల్లులందరి ముందూను. దూదిపింజ కూడా ఇంటికి పట్టుకెళ్లని మనిషిని."

"వాళ్లే ఎక్కడో పారేసి ఉంటారు, నర్సమ్మగారూ." ఆ అబద్ధం తన గొంతులోంచి అంత మామూలుగా రావడం ఆమెకే వినపడింది.

"ఉంటారు. నాకు పడ్డ మాట పడింది, పోనీ. వెనక వీధి పద్నాలుగులో మా కేంద్రం, దాని ఎదురింట్లో నెలలు నిండకుండా పుట్టిన పిల్ల ఉంది. పోయినసారి రెండు కిలోలంది ఈ కాటా. నిన్నా రెండే అంది. పెరుగుతోందో తరుగుతోందో తెలిస్తే కదా నేను ఏదైనా చెప్పేది."

బాబు బరువు రాసుకుందామని నర్సమ్మ కార్డు కోసం బల్ల వైపు చెయ్యి చాపింది. కార్డు కింద గళ్ల నోటుబుక్కు తెరిచే ఉంది. నర్సమ్మ కళ్లజోడు పైకి తోసుకుని చదివింది. ఆరు కిలోల తొమ్మిదొందల ముప్పై అయిదు. ఆరు కిలోల తొమ్మిదొందల యాభై. పదకొండు రోజులు, రోజుకి ఎనిమిది సార్లు.

"ఇంత సన్నగా ఏ కాటా చెప్పిందమ్మా నీకు?"

పక్కింటి కాటా అనొచ్చు, అమ్మ పంపిందనొచ్చు. కానీ మొదటి అంకె పక్కన ఆమే, తన గుండ్రటి రాతలో, మెషిన్ వచ్చిన తేదీ వేసుకుంది. చుక్కలమ్మ మోకాళ్ల మీద వంగి మంచం కింద చెయ్యి పెట్టింది.

మెషిన్ బయటికొచ్చాక నర్సమ్మ తిట్టలేదు. దాన్నీ, ఈమెనీ చూసింది. అరిచి ఉంటే బాగుండునని చుక్కలమ్మకి అనిపించింది.

"బాబుని మీ ఆయనకిచ్చి రా," అంది చివరికి. "నువ్వే మొయ్యి."

రాత్రి డ్యూటీ చేసొచ్చి లోపలి గదిలో నిద్రపోతున్న భర్త లేచి విషయం గ్రహించి, "నేను వస్తానుండు" అన్నాడు. వద్దంది. సంతకం తనది.

ఆ ఎదురిల్లు ఒకటే గది. పాత చీర పరిచిన చాప మీద ఆ తల్లి పిల్లని పొత్తిళ్లలో పట్టుకుని కూర్చుంది. పంతొమ్మిదీ ఇరవై ఏళ్లుంటాయి. నర్సమ్మ పిల్ల బట్టలు విప్పి పళ్లెంలో పడుకోబెట్టింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. కిలో తొమ్మిదొందల పది. ఆస్పత్రి వాళ్లు ఇంటికి పంపినప్పుడు కాగితం మీద రాసింది కిలో తొమ్మిదొందల డెబ్భై. నర్సమ్మ రెండోసారి తూచింది. అదే అంకె.

"తగ్గింది తల్లీ. ఇవాళే ఆస్పత్రికి పోదాం. బట్టలు సర్దుకో."

ఆ పిల్ల తల్లి సర్దుతూ సర్దుతూ చుక్కలమ్మ చెయ్యి పట్టుకుంది. "మెషిన్ మీరు తెచ్చారా అక్కా? పోయిందన్నారు. ఎక్కడ దొరికిందో గానీ, మీరు రాకపోతే మాకు తెలిసేదే కాదు."

నర్సమ్మ సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది. అక్కడ వెతకడానికి ఏమీ లేదని చుక్కలమ్మకి తెలుసు. తను ఊరుకుంటే నర్సమ్మా ఊరుకునేలా ఉంది.

"పోలేదు. మా ఇంట్లోనే ఉంది," అంది. "పదకొండు రోజులు. నాది కాదని తెలిసీ మా బాబుని తూచుకున్నాను."

పట్టుకున్న చెయ్యి వెంటనే వదలలేదు. మెల్లగా వదిలింది.

"మీ బాబు బాగున్నాడా?"

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగింది. "బాగున్నాడు" అని చుక్కలమ్మ నేల చూస్తూ చెప్పింది. సర్దిన బట్టల సంచి అందుకోబోతే, "వద్దులెండి, నేను పట్టుకుంటాను" అంది ఆ తల్లి. ఆటోలో నర్సమ్మ పక్కన ఇంకా చోటుంది. ఎక్కమని ఎవరూ అనలేదు.

పిల్లని ఆస్పత్రిలో ఉంచుకున్నారనీ, సన్న గొట్టంతో పాలు పడుతున్నారనీ సాయంత్రానికి తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అనలేదు. ఆమె మాత్రం కాగితం తీసుకుని పదకొండు రోజుల్ని రకరకాలుగా భాగించి చూసింది. ఏ లెక్కా ఆమెని తప్పించలేదు.

"కేంద్రానికి ఉత్తరం రాసి పంపు, సరిపోతుంది," అన్నాడు భర్త. "పెట్టె విప్పొద్దని నేనూ అనలేదు కదా. తప్పు ఇద్దరిదీని."

"నర్సమ్మని వరసలో అందరూ వింటుండగా అడిగారు," అంది.

మర్నాడు పొద్దున బాబుని ఎత్తుకుని కేంద్రానికి వెళ్లి, పదిమంది తల్లుల వెనక కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు లోపలి గదిలోకి పోలేదు. గుమ్మంలోనే నిలబడి, బయటివాళ్లకి కూడా వినపడేలా, మెషిన్ పదకొండు రోజులూ తన దగ్గరే ఉండిపోయిందనీ, చీటీ మీద కేంద్రం పేరు చూసే సంతకం పెట్టాననీ, నర్సమ్మకి ఏ పాపమూ తెలియదనీ చెప్పింది. వెనక బెంచీల మీదివాళ్లు మెడలు సాచి చూశారు.

డాక్టరుగారు బాబు కార్డు చూశారు. తల్లి ఉద్యోగం అని ఉన్న చోట ఏం రాసి ఉందో చదివారు.

"మీరు ల్యాబులో పనిచేస్తారా?"

"అవునండీ."

ఆయన కార్డు తిరిగిచ్చేశారు. నర్సమ్మని పిలిచి, మొన్న అలా అని ఉండాల్సింది కాదన్నారు. నర్సమ్మ తలూపి, బెంచీ మీది తర్వాతి తల్లిని రమ్మంది. చుక్కలమ్మ బాబుని భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా, ఆ బెంచీల మధ్యనుంచే బయటికి నడిచింది.