నాన్న రద్దు చేసిన క్రిస్మస్

మా నాన్న క్రిస్మస్‌ను రద్దు చేసిన ఏడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఎనభైల నడిమి రోజులు. రద్దు అనే మాట నాది కాదు, ఆయనదే. బేగంపేటలో ప్రభుత్వాఫీసు గుమాస్తా కాబట్టి ఏదైనా నచ్చకపోతే ఊరికే మానేయడం ఆయనకు చాలదు. దాన్ని రద్దు చేయాలి, చేశానని నలుగురికీ తెలియజేయాలి.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక సందులో కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. పై వాటాలో ఇంటి ఓనరమ్మ. వాళ్ళకి ఎర్రగడ్డ అవతల పొలాలుండేవి. అవి అమ్మేసి ఈ ఇల్లు కట్టుకున్నారు. పక్కింట్లో మేమందరం ఖాలా అని పిలిచే ముస్లిం ఆవిడ. వాళ్ళాయనకు పంజాగుట్టలో టైలరింగ్ షాపు. ఈ ఇద్దరూ మా అమ్మకి ఆ సందులో అక్కాచెల్లెళ్ళ పెట్టు. కానీ ఆ చుట్టరికానికి మా నాన్న ఏడాదంతా అడ్డుపుల్ల వేస్తూనే ఉండేవారు.

నాన్న మా చర్చిలో సంఘపెద్ద. విగ్రహాలకు పెట్టింది మా ఇంట్లో ముట్టకూడదు. బోనాలకైనా, దసరాకైనా ఓనరమ్మ మెట్లు దిగి పళ్ళెం తెస్తే అమ్మ గుమ్మంలోనే చేతులు నలుపుకుంటూ "మేం తినకూడదండీ, ఏమీ అనుకోకండి" అని చెప్పాలి. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. అనుకునేది మా అమ్మే. తలుపు వేసుకుని వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసేది. ఖాలా ఇంటి నుంచి వచ్చే బిర్యానీ విషయంలో మాత్రం నాన్న మనస్సాక్షి కాస్త మెత్తబడేది. ఎందుకని అడిగితే వివరణ అరగంట ఉండేది గనక మేమెవరం అడిగేవాళ్ళం కాదు.

ఏడాది పొడుగునా వద్దు వద్దు అని చెప్పే మా అమ్మకి, రండి, కూర్చోండి, తినండి అని చెప్పే రోజు ఒకే ఒక్కటి. డిసెంబరు ఇరవై ఐదు. దానికి పదిహేను రోజుల ముందే ఇల్లంతా సున్నం, ఆ తర్వాత అరిసెల పాకం, కజ్జికాయలు. మైదా, గుడ్లు, చక్కెర మోసుకుపోయి సందు చివర బేకరీ భట్టీలో కేకులు కాల్పించుకుని వచ్చేది. ఆ రోజు సందంతా మా ఇంటికి వచ్చేది. ఆ ఒక్కరోజు అమ్మ గొంతు ఒక మెట్టు పైకి లేచేది, నడకలో ఠీవి వచ్చేది. అందుకే రద్దు దెబ్బ తగిలింది యేసు ప్రభువుకి కాదు, మా అమ్మకి.

అసలు గొడవ నవంబరు చివర మొదలైంది. పంజాగుట్టలో మా రేకుల చర్చిలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చాడు. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు లేచి, డిసెంబరు ఇరవై ఐదు ప్రభువు పుట్టిన రోజు కానే కాదన్నాడు. అది పూర్వం రోమా వాళ్ళు సూర్యుడికి చేసుకున్న పండగట. క్రిస్మస్ చెట్టు విగ్రహాలకు మొక్కే అన్యులది, పచ్చతోరణం అన్యులది. ప్రభువు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులు పొలంలో మందను కాస్తున్నారని బైబిల్లో ఉంది, గడ్డకట్టే చలికాలంలో వాళ్ళు రాత్రిపూట పొలంలో ఎందుకుంటారు, ఆలోచించండి అన్నాడు. మా నాన్న ఆలోచించారు. ఆయన ఆలోచించడం మొదలుపెడితే మాకు గండమే.

ఆ మరుసటి ఆదివారానికి చర్చి రెండు ముక్కలైంది. పండగ వాళ్ళు ఎడమ పక్క, పండగ లేని వాళ్ళు కుడి పక్క కూర్చున్నారు. ఒక పక్క వాళ్ళు పాట ఎత్తుకుంటే రెండో పక్క వాళ్ళు దగ్గారు. పాస్టరుగారు మెత్తని మనిషి, ఆయనకు ఇద్దరూ కావాలి. "ఇరవై ఐదున ఆరాధన ఉంటుంది. అది పండగ కాదు. పండగ అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కేకు ఉంటుంది గానీ గేటు బయట ఉంటుంది," అని ప్రకటించారు. కుడి పక్క వాళ్ళలో ఇద్దరు గేటుకు లోపల ఎంత, బయట ఎంత అని అడిగారు.

ఇంటికొచ్చి నాన్న మా ముగ్గురినీ, అంటే అమ్మని, నన్ను, మా చెల్లిని వరసగా నిలబెట్టి రద్దు వివరాలు చదివారు. నక్షత్రం లేదు, కేకు లేదు, పిండివంటలు లేవు, కొత్తబట్టలు లేవు. కొత్తబట్టల దగ్గర నాకు ఒళ్ళు మండింది. చలిలో కాపరుల సంగతి ఏమోగానీ నా లంగావోణీ ఏ రోమా వాడిదో చెప్పమన్నాను. "నోరు ముయ్," అన్నారు. సంఘపెద్దల దగ్గర అంతకంటే పెద్ద వాక్యం ఉండదు.

అమ్మ మాత్రం నెమ్మదిగా అడిగింది. "జనవరి అన్న పేరు కూడా ఏదో రోమా దేవుడిదేనని ఆ బోధకుడు చెప్పాడు కదండీ. మరి కొత్త సంవత్సరం ఆఫీసు కాగితాల మీద ఏం రాస్తారు?"

"అది ప్రభుత్వం పెట్టిన పేరు," అన్నారు నాన్న.

"ఇరవై ఐదున సెలవు కూడా ప్రభుత్వం ఇచ్చిందే."

"ఆ సెలవు నేను తీసుకోను. ఆ రోజు ఆఫీసుకు వెళ్తాను," అన్నారు నాన్న. వెళ్ళారు కూడా.

మా ఇంటి నుంచి బెల్లం పాకం వాసన రాకపోయేసరికి పండగకి మూడు రోజుల ముందు ఓనరమ్మ కిందికి దిగింది. "ఏంది వదినె, ఇంక మొదలు పెట్టలే?" అని అడిగింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ ఏడు మాకు పండగ లేదండీ," అని ఒక్క ముక్క చెప్పి లోపలికి వచ్చేసింది. రోమా వాళ్ళ సంగతంతా ఆవిడకి చెప్పుకోవాలంటే అమ్మకి సిగ్గేసింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. పండగ లేదు అని ఒక ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటూ చెబితే మన దేశంలో దానికి ఒకటే అర్థం. ఆ ఇంట్లో ఎవరో పోయారు. ఏటి సూతకంలో ఉన్నారు. ఓనరమ్మ అలాగే అనుకుంది. సరాసరి ఖాలా దగ్గరికి పోయి చెప్పింది. ఖాలా మిగతా సందుకి చెప్పింది.

ఇరవై ఐదు పొద్దున నాన్న రోజూలాగే టిఫిన్ క్యారియరు పట్టుకుని ఆఫీసుకు బయల్దేరారు. అక్కడ జరిగింది చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పారు. గేటు దగ్గర కుర్చీలో ఎండకి కూర్చున్న వాచ్‌మన్ లేచి, "ఏంది సాబ్, ఇయ్యాల మీ పండుగ గదా!" అన్నాడట.

"నాకు పండగ లేదు. తలుపు తియ్యి, ఫైళ్ళు చూసుకోవాలి."

"చాబీ నా దగ్గర లేదు సాబ్. సూపరింటెండెంట్ సాబ్ కాడ ఉన్నది. సాబ్ పిల్లల్ని తీస్కొని సికింద్రాబాద్‌ల పెద్ద చర్చికి పోయిండు, సజావట్ చూడనీకి."

సూపరింటెండెంటు తిరుపతికి మొక్కు ఉన్న మనిషి. ఆయన చర్చిలో అలంకరణ చూస్తున్నాడు, మా సంఘపెద్ద మూసిన ఆఫీసు మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తింటున్నారు. వెంటనే ఇంటికొస్తే పరువు పోతుందని ఒంటిగంట దాకా అక్కడే కూర్చుని, తర్వాత నడుచుకుంటూ బయల్దేరారు. దారిలో పాన్ డబ్బా ఆయన, సైకిల్ షాపు ఆయన, కనిపించిన ప్రతివాళ్ళూ హ్యాపీ క్రిస్మస్ సార్ అన్నారట. పంజాగుట్ట చౌరస్తా దాటేసరికి నాన్న తల వంచుకుని నడుస్తున్నారట.

ఈలోగా ఇంట్లో వేరే కథ నడుస్తోంది. ఒంటిగంట దాటాక ఓనరమ్మ, ఖాలా, వెనకాల ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళు ముతక చీరలు కట్టుకుని, మొహాలు దించుకుని మా ఇంట్లోకి వచ్చారు. చావు జరిగిన ఇంట్లో పండగ పూట పొయ్యి వెలిగించరని అన్నీ వండి తెచ్చారు. ఓనరమ్మ పప్పు, అన్నం తెచ్చింది. ఖాలా కిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా తెచ్చింది. అమ్మని మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పేము కుర్చీలో కూర్చోబెట్టారు.

"వదినె, ఎవరు పోయిండ్రు? గింత దుఃఖం కడుపుల పెట్టుకొని ఎట్లున్నవు?" అంది ఓనరమ్మ.

"ఎవరూ పోలేదండీ."

"చెప్పలేకపోతున్నది, పాపం," అంది ఖాలా. ఆవిడకి కన్నీళ్ళు ఎప్పుడూ రెప్పల మీదే ఉంటాయి, రాలిపోయాయి. ఆవిడని చూసి అమ్మ కూడా ఏడ్చింది. అమ్మ ఏడ్చింది ఎవరో పోయినందుకు కాదని నాకు తెలుసు. ఏడాదంతా ఓనరమ్మ పళ్ళేలు గుమ్మంలోనుంచి తిప్పి పంపిన మనిషి, తను పెట్టాల్సిన రోజున వాళ్ళ చేత పెట్టించుకుని తింటోంది. నాకు నవ్వు వస్తున్నదల్లా అక్కడితో ఆగిపోయింది. నాన్న మీద నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

సరిగ్గా అప్పుడే ఆయన గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఖాళీ క్యారియరు.

"అన్నా, నువ్వన్న చెప్పు. ఎవరు పోయిండ్రు?" అంది ఓనరమ్మ.

"ఎవరూ పోలేదమ్మా!"

"మరి పండుగ ఎందుకు లేదు?"

నాన్న చెప్పక తప్పలేదు. రోమా వాళ్ళ దగ్గర మొదలుపెట్టి సూర్యుడి మీదుగా చలిలో కాపరుల దాకా వచ్చారు. అక్కడ ఓనరమ్మ ఆపేసింది. "గదేం మాట అన్నా! మా తాత చలికాలమంత గొర్లతోనే పొలంల పండుకునెటోడు. గొంగడి ఉంటె చలేంది?"

బోధకుడు చెప్పినప్పుడు ఈ గొంగడి సంగతి మా చర్చిలో ఒక్కరికీ తట్టలేదు.

ఖాలా కళ్ళు తుడుచుకుని అందుకుంది. "మా తాన సుత గిదే లడాయి భాయ్. మా నబీ పుట్టిన దినం చెయ్యాలె అని మా ఆయన, వద్దు అని మా మరిది. సాలుకోసారి కొట్లాడుకుంటరు. జర్దా తీపన్నం వండితె మాత్రం ఇద్దరు తింటరు."

"గవన్ని మాకెరుక లేదు గని," అంది ఓనరమ్మ, "ఎవ్వరు పోకపోతె మరి వదినె ఎందుకేడుస్తుంది?"

నాన్న అప్పుడు అమ్మ వైపు చూశారు. అమ్మ తల ఎత్తలేదు. చేతిలో పళ్ళెం అలాగే ఉంది. నాన్న క్యారియరు కింద పెట్టి, మళ్ళీ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. కోపం వచ్చి వెళ్ళారని అందరం అనుకున్నాం. ఓనరమ్మ నొచ్చుకుని లేవబోయింది.

పావుగంటకి తిరిగి వచ్చారు. చేతిలో బేకరీ అట్టపెట్టె. అది చూసి మా చెల్లి ఎగిరింది. పెట్టె విప్పితే తెల్లటి క్రీము మీద గులాబీ రంగు పువ్వులు, వాటి మధ్య హ్యాపీ బర్త్‌డే అని రాసి ఉంది. పేరు చోటు ఖాళీగా ఉంది. ఆ పూట బేకరీలో క్రిస్మస్ కేకులన్నీ అయిపోయి ఇదొక్కటే మిగిలిందట.

మా చెల్లి అక్షరాలు పైకి చదివింది.

"పుట్టినరోజా? ఎవరిది అన్నా?" అంది ఓనరమ్మ.

ఎవరిదో అందరికీ తెలుసు. చెబితే రద్దు పోతుంది. చెప్పకపోతే కేకు పోతుంది. అబద్ధం ఆడితే నాలుక మీద వాత పెడతానని మమ్మల్ని పెంచిన మనిషి ఆయన.

"మీ వదినది," అన్నారు.

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా!" అని ఓనరమ్మ ముతక చీర చూసుకుని పైకి పరిగెత్తింది. ఖాలా ఇంటికి పోయి సెంటు సీసా తెచ్చి అమ్మ కొంగుకి రాసింది. శోకానికి వచ్చినవాళ్ళంతా పది నిమిషాల్లో పట్టుచీరల్లో తిరిగి వచ్చారు. అమ్మ పేము కుర్చీలోంచి లేచింది. కేకు ముక్కలు కోసి, "కూర్చోండి, తినండి, ఇంకో ముక్క వేసుకోండి," అని ఒక్కొక్కరి చేతిలో పెట్టింది. గొంతు మళ్ళీ ఆ మెట్టు ఎక్కింది.

ఆ తర్వాత ప్రతి ఏడూ మా ఇంట్లో ఆ రోజు అమ్మ పుట్టినరోజే. సున్నం, అరిసెలు, నక్షత్రం, నాకు కొత్త లంగావోణీ, అన్నీ అమ్మ పుట్టినరోజుకే. బైబిల్లో పుట్టినరోజులు చేసుకున్నది ఇద్దరు దుర్మార్గపు రాజులేనని, ఇద్దరి విందులోనూ ఒక ప్రాణం పోయిందని చర్చిలో కుడి పక్క వాళ్ళు గుర్తుచేస్తే నాన్న, "అది రాజుల సంగతి. నేను గుమాస్తాని," అన్నారు. పండగను మాత్రం ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ మొదటి రోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక అమ్మ కేకు అట్టపెట్టె మడుస్తూ అడిగింది. "నా పుట్టినరోజు ఇవాళని మీకెవరు చెప్పారు?"

"ఎప్పుడో నీకు తెలుసా?" అన్నారు నాన్న.

"తెలీదు. మా ఇంట్లో ఎవరూ రాసిపెట్టలేదు."

"మరి ఇవాళ కాదని ఎలా చెప్తావు?"

అమ్మ మడవడం ఆపి ఆయన వైపు చూసింది. "ఈ మాటేదో ఆ బోధకుడితోనే అని ఉంటే నేనింత ఏడ్చేదాన్ని కాదు కదండీ!"

"నువ్వు ఏడుస్తావని నాకప్పుడు తెలీదు," అన్నారు నాన్న.