కుడి ముందు చక్రం

మనిషి మాట నమ్మకపోవడం ఒక్కటే నాడి బాబాయ్‌కి ఉన్న జబ్బు. ఇనుము మాట మాత్రం ఆయనకు వేదవాక్కు. ట్రెయిలర్ల యార్డు గేటు దగ్గర, బయలుదేరే ప్రతి బండినీ పరీక్షించి చీటీ రాయడం ఆయన ఉద్యోగం. ఆ చీటీ లేనిదే గేటు కర్ర లేవదు. సాక్షాత్తూ యజమాని కారుకే ఒకసారి లేవలేదని చెప్పుకుంటారు.

"బండెలా ఉంది?" అని మొదలుపెట్టేవాడు.

"బ్రహ్మాండంగా ఉంది బాబాయ్!" అనేవాడు డ్రైవరు.

"నిన్ను కాదయ్యా, దాన్నడిగా."

ఆపైన వైద్యం. చెయ్యి తిరగేసి, పసిపిల్లకి జ్వరం చూసినట్టు, చక్రాల నడిమి హబ్బులు ఒక్కొక్కటే తాకేవాడు. చెక్క సుత్తితో టైర్లు కొట్టి చెవి వంచేవాడు. ఖంగుమంటే కడుపు నిండినట్టు, బద్‌మంటే పస్తున్నట్టు. బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడైనా కారుతోందేమో వినడానికి ఊపిరి బిగబట్టేవాడు. ఆయనతోపాటు యార్డంతా బిగబట్టాలి. అలాంటి పుణ్యకాలంలో ఒకసారి దగ్గిన పాపానికి గుమాస్తాతో మూడు రోజులు మాటల్లేవు.

కొత్త మేనేజరమ్మ వచ్చిన మొదటి వారంలోనే గేటు దగ్గర రభస. గళ్ళచొక్కా డ్రైవరు చేతులు తిప్పుతున్నాడు.

"చూడండి మేడమ్! లోడెక్కించి గంటయింది. ఈయనేమో నట్టు ఏడుస్తోందంటాడు!"

నాడి బాబాయ్ చక్రం నట్టు కింద వేలు పెట్టి చూపించాడు. సన్నటి ఎర్రటి చార.

"తుప్పు కాదా అది?" అందామె.

"తుప్పేనమ్మా. బిగువుగా ఉన్న నట్టు కింద ఇలా కారదు. లోపల్లోపల కదులుతుంటేనే కారుతుంది. అడిగితే చెప్పదు, ఇలా ఏడుస్తుంది."

స్పానరు తెచ్చేలోపే నట్టు వేళ్ళకే తిరిగింది. గళ్ళచొక్కా గొంతు కూడా దానితోపాటే వదులైంది. ఆనాటి నుంచి మేనేజరమ్మ ఆయన చీటీలను చదవకుండానే సంతకం పెట్టేది. గౌరవమంటే అదే కదా.

ఆరు నెలల తర్వాత పెద్దాఫీసు నుంచి ఉత్తరం దిగింది. "సదరు ఉద్యోగి పదకొండు ట్రెయిలర్లను నిష్కారణముగా ఆపినట్లు తెలియుచున్నది. మెకానిక్కులు 'లోపం కనబడలేదు' అని వ్రాసియున్నారు. శుక్రవారంలోగా సంజాయిషీ పంపనిచో అతనిని తొలగించి ఆ స్థానమున యంత్రమును నిలపగలము."

మేనేజరమ్మ ఆయన్ని పిలిపించింది.

"బాబాయ్, పదకొండుసార్లు ఎలా పొరబడ్డారు?"

"పొరబడలేదమ్మా."

"మరి లోపమేదీ?"

"చీటీలో రాశాగా."

"నోటితో చెప్పచ్చుగా! మీ ఉద్యోగం పోయేలా ఉంది."

"నోటిమాటకేం విలువమ్మా? నేనూ మనిషినేగా" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆమె తిండి మాట మరిచి చీటీలు తిరగేసింది. టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే బల్ల మీద ఉండిపోయింది, ముందురోజులాగే, అంతకు ముందురోజులాగే. ఎన్నడూ చదవని చీటీలను ఆమె మొదటిసారి చదివింది.

"కుడి ముందు చక్రం. వేడి. ఒక రోజు ఆపాలి."

"కుడి ముందు చక్రం. నిద్ర లేదు. సాయంత్రం దాకా."

"కుడి ముందు చక్రం. తడి. కారణం అడగలేదు. రెండు రోజులు."

పదకొండూ కుడి ముందు చక్రమే. ఆమె కిటికీలోంచి యార్డులోకి చూసింది. వరసగా ట్రెయిలర్లు. వాటికి ముందు చక్రాలుంటేగా! చక్రాలన్నీ వెనకే. ముందు భాగం లాగే బండి వీపు మీద వాలి ఉంటుంది. ఆ బండిలో కుడి ముందున ఉండేది డ్రైవరు సీటు.

తడి చీటీ మీదున్న బండి నంబరు గళ్ళచొక్కాది. ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"ఆ రోజా మేడమ్?" అతను టైరు వైపు చూస్తూ చెప్పాడు. "మా అమ్మ చనిపోయిన వారం అది. ఇంట్లో కూర్చోలేక వచ్చేశా. బండెలా ఉందన్నాడు. బాగుందన్నా. నిన్ను కాదయ్యా అని, చెయ్యి తిరగేసి నా చెంప మీద పెట్టాడు. హబ్బనుకున్నాడేమోలే అని ఊరుకున్నా."

"సెలవు అడగచ్చుగా?"

"మనిషి ఆగితే నాగా, జీతం కోత. బండి ఆగితే హాజరు. అదిగా మన రూలు."

"మెకానిక్కులకి తెలుసా?"

"తెలియకేం? లేని చక్రంలో లోపం కనబడలేదని రాశారు. అందులో అబద్ధమేముంది మేడమ్?"

సాయంత్రం ఆమె సంజాయిషీ రాసింది: "పదకొండు బండ్లలోనూ కుడి ముందు చక్రం లోపం వాస్తవమే. స్వయంగా విచారించాను. ఆపకపోతే ప్రమాదం జరిగేది."

ట్రెయిలరు మొహం ఎన్నడూ చూసి ఎరగని పెద్దాఫీసు మహానుభావులు చలించిపోయారు. వారం తిరక్కుండా అన్ని యార్డులకూ ఉత్తర్వు పోయింది: "ఇకమీదట ట్రెయిలర్ల కుడి ముందు చక్రము విషయమున ప్రత్యేక శ్రద్ధ వహించవలెను."

ఆమె ఆ కాగితం చదివి పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, గుమ్మంలో నాడి బాబాయ్. చేతిలో చెక్క సుత్తి.

"ఎలా ఉంది?"

"నాకేం బాబాయ్, రాయిలా ఉన్నా."

"నిన్ను కాదమ్మా."

ఆయన నేరుగా వచ్చి టిఫిన్ డబ్బాను సుత్తితో టక్కున కొట్టి, చెవి వంచాడు. బద్‌మంది. డబ్బాల విషయంలో టైర్ల సూత్రం తిరగబడుతుంది కాబోలు, ఆయన మొహం మాడిపోయింది. గడియారం మూడు చూపిస్తోంది. జేబులోంచి చీటీల పుస్తకం తీసి, తాపీగా రాసి, చింపి ఆమె ముందు పెట్టాడు.

"కుడి ముందు చక్రం. పస్తు. తిన్నాక పంపవచ్చు."

"నాకు ముందు చక్రమెక్కడిది బాబాయ్?"

మనుషులతో వాదన ఆయనకు గిట్టదు. ఆమె మెతుకు మిగల్చకుండా తినేదాకా కిటికీ దగ్గర నిలబడి, చివర్న డబ్బాను మళ్ళీ కొట్టాడు.

ఖంగుమంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పింది నిజం" అని చీటీ మీద సంతకం పెట్టాడు.