నా ట్రాఫిక్ ఎక్కణ్ణుంచి వచ్చేది

అమీర్‌పేటలో పొద్దున ఒక నోట్సు బాగుందని పేరొస్తే, సాయంత్రానికల్లా దాని జిరాక్సులు నాలుగు షాపుల్లో అమ్ముడుపోయేవి. ఆ వీధుల్లో దాచుకోవడం చేతకానివాడు బతకలేడు. నాకు చేతనైంది కాబట్టి బతికాను. ఆ గొప్ప చెప్పుకోవడానికే ఇది రాస్తున్నానని మీరనుకుంటే మీ ఇష్టం.

నా వృత్తికి అఫిలియేట్ మార్కెటింగ్ అని పేరు. ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పెళ్లిళ్ల పేరయ్య పని. నా వెబ్‌సైటు చూడ్డానికి వచ్చినవాడు అక్కడి లింకు నొక్కి, వేరే కంపెనీ దగ్గర కోర్సో పుస్తకమో కొంటే నాకు కమీషను. కంపెనీ ఇచ్చే లింకు బారెడుండేది, దాని తోకలో నా నంబరు, కమీషను నాకు రావాలని కంపెనీకి తెలిసేది దాంతోనే. తెలివైనవాళ్లు ఆ తోక కత్తిరించేసి కొనుక్కునేవాళ్లు. అందుకని ప్రతి లింకునీ నా సైటులోనే ఒక పొట్టి లింకు వెనక దాచాను. రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ నొక్కి చూసి, పనిచేయనివి సరిచేసేవాణ్ణి. దేవుడి పటం ముందు కూడా అంత క్రమం తప్పకుండా ఎప్పుడూ నిలబడలేదు.

లింకులు సరే, అసలు రహస్యం జనం ఎక్కణ్ణుంచి వస్తున్నారన్నది. మా భాషలో ట్రాఫిక్ సోర్సు. పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్లో ఇదే పని చేసేవాళ్లం నలుగురం కలిసేవాళ్లం. ఒకరి ప్లేట్లో సమోసా ఇంకొకరు తినేంత స్నేహం, కానీ సోర్సు మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. నన్నడిగితే "అంతా గూగుల్ దయ" అని పైకి చూసేవాణ్ణి.

నా సోర్సు గూగుల్ కాదు, నా రూమ్మేటు.

ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా పక్క మంచం అతనిది. సిద్దిపేట వైపు నుంచి వచ్చి జావా నేర్చుకుని, ఎక్కడ వాకిన్ అంటే అక్కడికి వెళ్లేవాడు. ముందుగా పిలుపు లేకపోయినా ఎవరైనా వెళ్లి కూర్చోగలిగే ఇంటర్వ్యూలవి. ఉద్యోగం వచ్చేది కాదు గానీ జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. సాయంత్రం షూ విప్పుతూనే, ఏ కంపెనీలో ఏం అడిగారో, తనేం చెప్పాడో, పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మర్నాడు నేను అమీర్‌పేటలో, జిరాక్స్ షాపు పైన అద్దెకు తీసుకున్న చిన్న క్యాబిన్లో కూర్చుని, అవన్నీ ఇంగ్లీషులో సైటులో పెట్టేవాణ్ణి. నిన్న అడిగిన ప్రశ్న ఇవాళే దొరికే చోటు ఇంకొకటి లేదు. నిరుద్యోగులు చీమల్లా వచ్చారు, లింకులు నొక్కారు.

అతనికి మాత్రం డేటా ఎంట్రీ చేస్తున్నానని చెప్పాను. సైటు సంగతి తెలిస్తే వాటా అడుగుతాడేమో, పదిమందికీ చెప్పేస్తాడేమో! పైగా అతనికి ఉద్యోగం వస్తే నా సైటు ఎండిపోతుంది. అలాగని రాకూడదని కోరుకున్నానా? అబ్బే, అంత దుర్మార్గుణ్ణి కాను. మంచి ఉద్యోగమే రావాలని, కాస్త ఆలస్యంగా రావాలని కోరుకున్నాను.

అతనికేమో గడువుంది. ఊళ్లో అతని బావ ఎరువుల షాపు పెట్టి, వినాయక నిమజ్జనం దాకా చూసి ఉద్యోగం రాకపోతే వచ్చి షాపులో కూర్చోమన్నాడు. "ఖైరతాబాద్ గణేశుడు నీళ్లల్ల పడ్డంక నన్ను సుత షాపుల పడేస్తరన్నా" అని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ వాకిన్ ఒక్కటీ వదిలేవాడు కాదు.

ఒకరోజు దిగులుగా వచ్చాడు. "గిదేందో సమజైతలేదన్నా. లైన్ల ఉన్నోళ్లందరు జవాబులు టకటక చెప్తున్నరు. నేనొక్కన్నే ఆలోచించుకుంట చెప్తున్న."

"పోటీ పెరిగింది" అన్నాను. ఆ పోటీని నేనే పెంచుతున్నానని తెలిసే అన్నాను.

ఆ వారంలోనే డెడ్‌లాక్ గురించి అడిగారట. రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోవడం. అతను మా మెస్సునే ఉదాహరణగా చెప్పాడట. "ఒకని చేతుల అన్నం హస్తం, ఇంకొకని చేతుల పప్పు గరిటె. నువ్విస్తే నేనిస్త అంటె నువ్విస్తే నేనిస్త. ఆఖరికి ఇద్దరు ఉపాసమే." ముచ్చటేసింది. మర్నాడే హస్తంతో, గరిటెతో సహా సైటులో పెట్టేశాను. నా సైటులో అంతకంటే ఎక్కువమంది చదివిన పేజీ లేదు.

నిమజ్జనానికి కొద్దిరోజుల ముందు పంజాగుట్టలో ఒక కంపెనీ అతన్ని మూడో రౌండుకి పిలిచింది. అది దాటితే ఇక ఆఫర్ లెటరే. ఆ సాయంత్రం షూ విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు.

"డెడ్‌లాక్ అడిగిండన్నా. నేను హస్తం ముచ్చట చెప్పిన. సార్ కంప్యూటర్ నాదిక్కు తిప్పి చూపెట్టిండు. ఎవనిదో వెబ్‌సైటట, అచ్చం గదే ఉన్నది. నెట్ల బట్టీ పట్టొచ్చెటోళ్లు మాకొద్దన్నడు." నా వైపు చూశాడు. "గది నాదే గదన్నా? నేనే గద నీకు చెప్పింది?"

అవునంటే సరిపోయేది. కానీ అవునంటే, మరి నెట్లోకి ఎలా వెళ్లిందన్న ప్రశ్న వస్తుంది.

"నువ్వూ ఎక్కడో చదివుంటావు" అన్నాను. "చదివామన్న సంగతి మర్చిపోతాం, చదివింది మాత్రం లోపల ఉండిపోతుంది."

అనుమానిస్తాడేమోనని భయపడ్డాను. అతను అనుమానించాడు, తనని తానే. "గంతే అయ్యుంటదన్నా. ఎప్పుడో నెట్ సెంటర్ల చూసిన్నేమో. నాకే యాదిలేదు."

మర్నాడు పొద్దున ఒక తెల్లకాగితం పట్టుకొచ్చాడు. "సార్‌కు సారీ లెటర్ రాసిన. కావాల్నని చెయ్యలేదని చెప్తె ఇంకో చాన్స్ ఇస్తడేమో. నీకు ఇంగ్లీష్ మంచిగొస్తది, జర చూడన్నా."

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. నిమజ్జనమైన మర్నాడు అతను ఎరువుల షాపుకి వెళ్లిపోయాడు. ఇక నా సైటు మూతపడడానికి ఎంతోకాలం పట్టలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున మాత్రం అతను పక్కనే నిలబడి ఉండగా ఆ కాగితం చదివాను. ఆ ఉదాహరణ నాది కాదు, వేరేవాళ్లది వాడుకున్నందుకు క్షమించండి అని రాశాడు. ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. రెండూ దిద్ది ఇచ్చాను.