జ్వరం రాని జబ్బు

పోయిన నెల మా కోడలు మద్దిలపాలెంలో ఏదో కొట్టుకి వెళ్ళి, పాతకాలపు ఎర్ర కార్బాలిక్ సబ్బు కనబడితే సరదాకి ఒకటి కొనుక్కొచ్చింది. కాగితం విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాస్త తారు కలిసినట్టుండే ఆ ఘాటు వాసన తగలగానే వంటింట్లో నిలబడ్డదాన్ని నలభై ఏళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్ళిపోయాను. పాత ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రి, అందులో ఒక కుళాయి, దాని ముందు మోచేతుల దాకా నురగతో నేను. వెనకాల ఎస్తేరమ్మ సిస్టర్ నిలబడి ఉన్నారు. "ఇంకా అవ్వలేదే. గోళ్ళ సందుల్లో ఎవులు తోముతారు, మీ అత్తగారా?" అంటున్నారు.

ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. డెబ్బైల చివర్లో, నర్సు చదువు పూర్తి చేసి, పెళ్ళయిన మూణ్ణెల్లకి నేనక్కడ చేరాను. రిజిస్టరులో రాజ్యం అని నా పేరు రాసుకుని, నన్ను పసిపిల్లల వార్డులో వేశారు. పన్నెండు తొట్టెలు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, బరువు చాలనివాళ్ళు, పుడుతూనే ఏదో ఒక చిక్కు తెచ్చుకున్నవాళ్ళు అందులో ఉండేవారు. ఆ వార్డుకి పెద్ద ఎస్తేరమ్మ సిస్టర్. పోర్టులో కళాసీగా చేసిన ఒకాయన కూతురు. పెళ్ళి చేసుకోలేదు. పొట్టి మనిషి, నడక మాత్రం వేగం. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే మిగతా రోజులు మమ్మల్ని తిట్టేవారు. ఆ గొంతుకి వార్డులో పిల్లలు ఉలిక్కిపడేవారు కాదుగానీ మేం పడేవాళ్ళం.

మొదటి తగవు నా గాజుల మీద వచ్చింది. చేతులకి గాజులుంటే వాటి కింద సబ్బు సరిగ్గా పట్టదు, అలాంటి చేతులతో తన పిల్లల్ని ముట్టుకోనివ్వనన్నారు. కొత్త కోడలు గాజులు తీసేస్తే ఇంకేమైనా ఉందా అని మా అత్తగారు. రెండు రోజులు ఇంటా బయటా తిట్లు తిని, మూడో రోజు ఉద్యోగం మానేస్తానని సిస్టర్‌తో చెప్పేశాను. ఆవిడ మా ఇంటి అడ్రసు రాసుకున్నారు. ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక సిటీ బస్సెక్కి మా ఇంటికి వచ్చారు.

"పెళ్ళయి నాలుగు నెల్లు కాలేదు. గాజుల్తీసీమంతారేటమ్మా? ఇదేం ఆసుపత్రి?" అని మా అత్తగారు గుమ్మంలోనే అందుకున్నారు.

"తియ్యొద్దమ్మా. ఎవులు తియ్యమన్నారు?" అని సిస్టర్ లోపలికొచ్చి కూర్చుని, తన సంచిలోంచి గాయాలకి కట్టే గాజుగుడ్డ చుట్ట తీశారు. నా గాజుల్ని మోచేతి దాకా పైకి తోసి, జారకుండా గుడ్డతో కట్టి చూపించారు. "డూటీలో ఇలగుంతాది. ఇంటికొచ్చీటప్పుడు విప్పీసుకుంతాది. మీ కోడలి సేతిలో పెట్టీది కిలోన్నర బరువున్న పసి గుంటల్ని. మనకి దురదయినా రాని మట్టి ఆళ్ళ ప్రాణం తీసీస్తాది."

మా అత్తగారు ఆ కట్టు లాగి చూసి, కాఫీ పెట్టడానికి లేచారు. నా ఉద్యోగం నిలబడింది.

సిస్టర్ చెప్పిన పాఠాలకి పుస్తకం లేదు. ముందు చెయ్యి, తరవాతే థర్మామీటరు అనేవారు. చేతులు కడుక్కుని, వాటిని రుద్దుకుని వెచ్చగా చేసుకుని, పాదం పట్టుకుని చూడాలి, పొట్ట మీద అరచెయ్యి ఆనించాలి. ఊపిరి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒప్పుకునేవారు కాదు. నిండా నిమిషం లెక్కపెట్టాలి, ఎందుకంటే పసివాళ్ళ ఊపిరి మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటుంది, ఆ ఆగడం ఎంతసేపో తెలియాలి. తల్లి దగ్గరికెళ్ళి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా ఉందని అడగాలి. ఇవన్నీ నేను వల్లె వేసినట్టు నేర్చుకున్నాను. అవసరం వచ్చిన రోజున మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు.

జమీలా అనే అమ్మాయికి ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. భర్త కరీం పాత ఊళ్ళోనే దర్జీ. పిల్ల పుట్టిన నాలుగో రోజు పొద్దున్న నేను డ్యూటీకి వెళ్ళేసరికి జమీలా నవ్వుతూ ఎదురొచ్చింది. "ఇవాళ ఎంత బుద్ధిగా ఉందో సిస్టర్, ఒక్కసారి కూడా ఏడవలేదు" అంది. నాకూ సంతోషమే అయింది. ఉగ్గుగిన్నెతో పాలు పోస్తే పెదవి చివర్నుంచి కారిపోయాయి. నిద్రలో ఉందిలే అనుకున్నాను. చంకలో థర్మామీటరు పెడితే పాదరసం తొంభై ఆరు దగ్గరే ఆగిపోయింది. చీటీ మీద జ్వరం లేదని రాసి, పక్క తొట్టె దగ్గరికి వెళ్ళిపోయాను.

పది గంటలకి ఎస్తేరమ్మ సిస్టర్ వచ్చి ఆ చీటీ చూశారు.

"జ్వరం నేదని రాసినావు. ఎంతుందో రాయలేదేటి?"

"తొంభై ఆరు సిస్టర్."

ఆవిడ చేతులు రుద్దుకుని పిల్ల పాదం పట్టుకున్నారు. పొట్ట మీద అరచెయ్యి ఉంచారు. పొట్ట బిగిసి, కాస్త ఉబ్బి ఉంది. నాకది అప్పుడే కనబడింది.

"నిన్న అరికాలు మీటితే ఏటి సేసింది?"

"కెవ్వుమంది సిస్టర్."

"ఇయ్యాల మీటి సూడు."

మీటాను. మొహం కొంచెం ముడుచుకుంది. నోరు తెరుచుకుంది. గొంతులోంచి ఏమీ రాలేదు.

"ఇది నిద్ర కాదే, రాజ్యం. ఏడవడానికి దీనికి ఓపిక నేదు" అన్నారు. ఆ మాట గట్టిగా అనలేదు, జమీలా వింటుందని. "పెద్దోలకి ఒంట్లో చీము పుడితే ఒళ్ళు కాల్తాది. ఈ గుంటలకి కాలడానికి ఒంట్లో ఏటుంటాది? సల్లబడిపోతారు."

డాక్టర్ మూర్తి గారు అప్పట్లో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు. మంచివారు, బాగా చదువుకున్నవారు. పిల్లని చూసి, జ్వరం లేదు కదా, సాయంత్రం దాకా కనిపెట్టి చూద్దామన్నారు. ఆయన వెనకాడడానికీ కారణముంది. అనుమానం మీద ఇవ్వాల్సిన రెండు ఇంజెక్షన్లలో ఒకటి మూత్రపిండాలకీ చెవులకీ మంచిది కాదు. అంత చిన్న ఒంటికి ఊరికే ఇవ్వకూడదు.

"సాయంత్రానికి మందు ఉంటాది సార్. పిల్ల ఉండదు" అన్నారు సిస్టర్.

"రక్తపరీక్ష రానివ్వండి."

"రక్తం తీసీసి పంపిద్దాం. కానీ అదొచ్చేదాకా ఆగొద్దు." ఆవిడ కేసు కాగితం ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చారు. "పిల్ల పాలు తాగట్లేదు, సల్లబడింది, పొట్ట ఉబ్బింది, వార్డు సిస్టర్ భయపడతన్నాది, అయినా మందు ఒద్దన్నానని రాసీండి సార్. మీరు రాస్తే నాను నోర్మూసుకుంటాను."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టేశారు. తరవాత లేచి తొట్టె దగ్గరికి వచ్చి, ఈసారి తన చేత్తో పాదం పట్టుకుని చూశారు. అరగంటలో రక్తం తీయడం, ఇంజెక్షన్లు ఇవ్వడం రెండూ అయిపోయాయి. మర్నాడు వెన్నులోంచి నీరు తీస్తే కలకగా వచ్చింది. చీము మెదడు పొరల దాకా వెళ్ళిపోయింది. ఇంకొక్క పూట ఆలస్యమైతే చేయడానికేమీ ఉండేది కాదని మూర్తి గారే మా అందరి ముందూ అన్నారు. అలా అనగలిగినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

మూడు వారాలు ఇంజెక్షన్లు నడిచాయి. నేను తలెత్తుకుని తిరగలేకపోయాను. సిస్టర్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పిల్లని మాత్రం పూర్తిగా నాకే అప్పగించారు. దూదిలో చుట్టడం, వేడినీళ్ళ సీసాలకి గుడ్డ చుట్టి పక్కన పెట్టడం, ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పాలు పట్టడం అన్నీ నా పనే. పన్నెండో రోజు సూది గుచ్చబోతుంటే ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకి నేనూ కుర్చీలో కూలబడి ఏడ్చాను. "నువ్వెందుకే ఏడుస్తావు? అది ఏడిస్తే సాలదేటి?" అని సిస్టర్ నా చేతిలోంచి దూది తీసుకున్నారు.

మిగతావాళ్ళయితే పిల్ల ఇంటికెళ్ళడంతో ఆ కథ అయిపోయిందనుకునేవారు. ఎస్తేరమ్మ సిస్టర్‌కి సగమే అయింది. అలాంటి జబ్బు తగ్గాక తలలో నీరు చేరుతుంది, తల పెరగడం తొందరగా కనిపెడితే ఏమైనా చేయొచ్చు, అందుకని వారం వారం కొలవాలన్నారు. నన్ను వెంటబెట్టుకుని కరీం కొట్టుకి వెళ్ళేవారు. కరీం మెడలో ఉండే టేపుతో తనే కూతురి తల కొలిచేవాడు. సిస్టర్ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవారు. తల పెరగాల్సినంతే పెరిగింది.

పిల్లకి షమీమ్ అని పేరు పెట్టారు. ఏడెనిమిది నెలలప్పుడు ఒకరోజు కొట్లో సిస్టర్ గుండీల డబ్బా తీసుకుని పిల్ల వెనక్కి వెళ్ళి, కుడిపక్కన ఆడించారు. షమీమ్ గిరుక్కున తిరిగింది. ఎడమపక్కన ఆడించారు. తిరగలేదు. మళ్ళీ ఆడించారు. పిల్ల తన చేతిలో ఉన్న దారపుండతోనే ఆడుకుంటోంది. జమీలా మొహంలో రక్తం లేదు.

నేనైతే ఇంకో నెల చూద్దామని ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. ఆవిడ నేల మీద జమీలా ఎదురుగా కూర్చున్నారు. "ఎడం సెవి ఇనపడట్లేదమ్మా. జబ్బు వల్ల అవ్వొచ్చు, మందు వల్ల అవ్వొచ్చు, సెప్పలేం. ఆ మందు ఎయ్యమని పట్టుబట్టింది మాత్రం నానే."

కరీం మిషను ఆపేశాడు. "కుడిచెవి?" అని అడిగాడు.

"బంగారంలా ఉంది. బళ్ళో ఏసినప్పుడు ముందు బల్ల మీద, కుడిచెవి మాస్టారి వైపు ఉండీలాగ కూచోబెట్టు. పిలిచినప్పుడు ఇటుపక్కనుంచి పిలవండి."

జమీలా ఏడుస్తూనే పిల్లని ఎత్తుకుని, ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది, కుడిచెవి తన నోటి దగ్గరికి వచ్చేలా. ఇళ్ళకి తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను, "మీరు అలా చెప్పకుండా ఉండాల్సింది, నింద మీ మీద వేసుకున్నట్టయింది" అన్నాను. "నిజం సెప్పకపోతే రేపు దాన్ని పిలిస్తే పలకని మొండిదని కొడతారే" అన్నారు.

ఏళ్ళు గడిచాయి. ఉక్కు కర్మాగారం పనులు సాగుతూ ఊరినిండా లారీలు పెరిగిన రోజులవి. సిస్టర్‌కి కీళ్ళవాతం ముదిరింది. వేళ్ళు వంకర్లు పోయాయి. నొప్పి కోసం స్టెరాయిడ్ మాత్రలు రోజూ వేసుకుంటూ డ్యూటీకి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం ఆవిడ ఒకే పిల్ల పేరు చీటీలో రెండుసార్లు రాశారు. పాతికేళ్ళలో అలాంటి తప్పు ఎవరూ చూసి ఉండరు. అలసటేమోనని మిగతావాళ్ళు నవ్వుకున్నారు. నేను పక్కకి వెళ్ళి నిలబడి, ఆవిడకి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టాను. నిండా నిమిషం. ముప్పై నాలుగు. పెద్దవాళ్ళకి ఇరవై దాటకూడదు.

"సిస్టర్, మీరు పడుకోండి."

"నాకేటయింది? జ్వరం నేదు, ఏటీ నేదు. పో, పన్జూసుకో" అని విసుక్కున్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది.

అప్పటికి మూర్తి గారు పెద్ద డాక్టరయ్యారు. పరుగున వెళ్ళి, జ్వరం లేదు సార్, ఆవిడ వేసుకునే మాత్రలు జ్వరాన్ని రానివ్వవు, కానీ ఆవిడ తప్పు రాశారు, అన్నాను. ఆయన ఇంకొక్క ప్రశ్న వేయకుండా లేచారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. ఇంకో కుర్ర డాక్టరు ఆ స్టెరాయిడ్ మాత్రలు వెంటనే ఆపేద్దామంటే, అలవాటుపడ్డ ఒంటికి హఠాత్తుగా ఆపితే మనిషే పడిపోతుందని మూర్తి గారు వారించారు. వారానికి ఊపిరితిత్తి చుట్టూ చీము చేరితే గొట్టం పెట్టి తీశారు. ఇరవై రోజులు పట్టింది. బతికారు. మగత వదిలిన రోజున మొట్టమొదట తన కేసు కాగితం తెప్పించుకుని చదివి, నాలుగు గంటల నాడి ఎవరు రాయలేదని అడిగారు.

ఇంటికి పంపించే ముందు రోజు వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. రేవులో ఓడ కూత వినబడుతోంది. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్న మాట అప్పుడడిగాను. "షమీమ్ అప్పుడు నన్నెందుకు తిట్టలేదు సిస్టర్? గాజులకే అంత తిట్టారు కదా."

ఆవిడ వంకరపోయిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాను ఉద్యోగంలో సేరిన ఏడాది ఒక గుంట పుట్టింది. సేపలమ్మే మనిషి కూతురు. ఒకరోజంతా కిక్కురుమనలేదు. ఎంత మంచి గుంటో అని నాను ఎత్తుకుని అందరికీ సూపించినాను. సాయంత్రానికి పోయింది." గొంతు మామూలుగానే ఉంది. "ఆ తల్లి నన్నేటీ అనలేదు. నువ్వు బాగా సూసుకున్నావమ్మా అని నా సెయ్యి పట్టుకుని ఎలిపోయింది. ఆ మాట కంటే తిట్టీసుంటే బాగుణ్ణు. నిన్నేటని తిట్టనే?"

"ఆ పిల్ల పేరేమిటి సిస్టర్?"

"పేరెట్టేదాకా ఉండనేదు. తల్లి పేరు పైడితల్లి."

ఇంకెవరికీ చెప్పలేదని కూడా అన్నారు. ఉద్యోగం మానేశాక సబ్బవరంలో చెల్లెలి దగ్గర ఉండి, కొన్నేళ్ళకి అక్కడే పోయారు. ఆ తరవాత నా చేతికింద ఎంతోమంది అమ్మాయిలు పని నేర్చుకున్నారు. పిల్ల చాలా బుద్ధిగా ఉందని ఏ తల్లి అన్నా వాళ్ళు చీటీ పక్కన పడేసి తొట్టె దగ్గరికి పరిగెత్తేవారు. ఎందుకని అడిగిన ప్రతి అమ్మాయికీ నేను ఎన్నడూ చూడని ఒక చేపలమ్మే మనిషి గురించి చెప్పాను. ఆవిడ పేరు పైడితల్లి అని చెప్పి, మర్చిపోవద్దన్నాను.